ఎడమ వెనక కాలు

మా ఇంటికి వచ్చేవాళ్ళు చెప్పులు విడిచేచోట, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డంగా ఒక సుద్ద అచ్చు పెట్టి ఉంటుంది. చిన్న పళ్ళెమంత ఉంటుంది. నాలుగు వేళ్ళు, వాటి వెనక ఒక పెద్ద మెత్త. పులి పాదం. సింగపూర్ టోవా పాయోలో, పదకొండో అంతస్తులో, ఈ పులి పాదమేమిటని కొత్తవాళ్ళు వంగి మరీ చూస్తారు. లోపల గాజు బీరువాలో, దేవుడి పటం పక్కన, అచ్చం అలాంటిదే ఇంకొకటి ఉంది. కాస్త పసుపు పట్టి, ఒక అంచు విరిగి. రెండూ ఒకే పులివి, ఒకే కాలివి. ఒకటి దేవుడి పక్కన, ఇంకొకటి చెప్పుల పక్కన ఎందుకున్నాయో మా అమ్మాయి స్వాతికి తెలుసు. తెలిసీ, "అమ్మా, టూ మచ్ లా, ఆ గుమ్మం దగ్గరది తీసెయ్యి" అంటుంది అప్పుడప్పుడు. తియ్యను. నాకు అరవై నాలుగేళ్ళు. ఈ వయసుకి నా చేతికి అందిన ఒకే ఒక్క పగ అది. కాస్త అనుభవించనివ్వండి నన్ను.

దీనంతటికీ మొదలు, క్రితం సెలవుల్లో మేం నల్లమలకి వెళ్ళడం. వద్దంటే వినలేదు స్వాతి. "నువ్వు పుట్టి పెరిగిన అడవట, మీనా చూడొద్దా?" అంది. మీనా నా మనవరాలు, తొమ్మిదేళ్ళది. పులి అంటే దానికి ఇక్కడి జూలో అద్దం వెనక పడుకుని ఆవులించేదే. సరేనని బయల్దేరాను. నేను ఆ కొండల్లోంచి వచ్చేశాక మళ్ళీ అటు తల తిప్పి చూడలేదు. ఇప్పుడు అక్కడ పెద్ద గేటు, టిక్కెట్ల కిటికీ, ఆకుపచ్చ జీపులు, "అభయారణ్యానికి స్వాగతం" అని బోర్డు. కొండలు మాత్రం ఏం మారలేదు. అవే నల్లరాళ్ళు, అవే లోయలు, ఎండిపోయిన వాగుల్లో అదే తెల్లటి ఇసుక, దారికి రెండు వైపులా వెదురు. జీపు ఎగిరెగిరి పడుతుంటే మీనా కిలకిలా నవ్వుతోంది. నాకు ముక్కు ముందుగా గుర్తుపట్టింది ఆ చోటుని. ఎండిన మద్ది ఆకుల మీద పొద్దుటి మంచు ఆరుతున్నప్పుడు ఒక వాసన వస్తుంది. అది ఇంకెక్కడా రాదు. నా కళ్ళు తడిశాయి. ఎంత బాగుందో అనుకున్నాను, వచ్చి మంచిపనే చేశాననుకున్నాను.

ఒక వాగు దగ్గర జీపు ఆపాడు గైడు. నాగన్న అతని పేరు, యాభై దాటినవాడు, మంచి మాటకారి. "ఈడ ఒక తమాషా జరిగింది మేడం, చెప్తా వినండి" అన్నాడు. "వెనకటికి మా అడివిలో ఓబులేసని ఒక వాచరు ఉన్యాడు. తాగుబోతోడు. పులుల లెక్కకి పోయి, అడుగులు దొరక్క, సుద్ద అచ్చుతో తానే బురదలో ముద్రలు ఏసినాడు. ఏసేటోడు సక్కంగా ఏసినాడా? వరసగా అన్నీ ఎడమ వెనక కాళ్ళే! పులికి నాలుగు కాళ్ళుంటాయని మర్సిపోయినాడు. పైనుంచి పెద్ద సారొచ్చి చూసి, ఇదేం పులిరా నాయనా, ఒంటికాలి మీద తొక్కుడుబిళ్ళ ఆడుకుంటా పోయిందా అన్యాడంట!"

జీపంతా ఘొల్లుమంది. మీనాకి అర్థం కాకపోతే స్వాతి ఇంగ్లీషులో చెప్పింది, చెప్పి తనూ నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేను తన వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ ఓబులేసు తన తాత అని స్వాతికి తెలీదు. తాతయ్య అనడమే తప్ప, ఆయన పేరుగానీ ఈ కథగానీ నేనెన్నడూ చెప్పలేదు. నా కడుపున పుట్టిన పిల్ల మా నాన్నని చూసి నవ్వుతోంది, నేను నోరు మూసుకుని ఉన్నాను. ఆ క్షణంలో నాకు కలిగింది దుఃఖం కాదు. ఒళ్ళంతా కారం పూసినట్టు మండింది.

"ఈ కథ నీకెవరు చెప్పారు నాగన్నా?" అని అడిగాను.

"అప్పటి మా రేంజరు, మూర్తి సారు మేడం. ఆయప్ప రిటైరైనాక కూడా యాడ సభ పెట్టినా ఇదే కథ. జనం పడీ పడీ నవ్వుతారు. అన్నట్టు ఆ సారు కొడుకు గూడా మీ సింగపూర్లోనే ఉండాడంట, ఏదో కంప్యూటర్ల పని."

ఇంక చాలు నాకు. తిరుగు దారిలో పులి కనబడిందని అందరూ లేచి నిలబడ్డారు. నేను లేవలేదు.

మా నాన్న తాగుబోతు కాదు. ముందు అది చెప్పాలి. అడవిలో పనిచేసేవాడి ఒంటి మీద ఏ వాసనా ఉండకూడదని ఆయన పట్టుదల. వాచరంటే పర్మినెంటు ఉద్యోగం కూడా కాదు, రోజుకూలీ. ఉండడానికి మాత్రం అడవి అంచున నాపరాళ్ళ కప్పుతో రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. పులుల లెక్క జరిగే ఆ రెండు వారాలూ మా ఇంట్లో పద్ధతులన్నీ మారిపోయేవి. అమ్మ పొద్దుటి పూట తాలింపు పెట్టేది కాదు. వెల్లుల్లి వాసన గుడ్డలకి పడుతుందని. నాన్న సబ్బు ముట్టడు, బీడీ ముట్టడు, తలకి చుక్క నూనె రాయడు. "జుట్టు పీచు మాదిరి అయిపాయ, కొంచెం ఆముదమన్నా పెట్టుకో" అని అమ్మ గిన్నె పట్టుకుని వెంటబడేది. "పులి నన్ను సూడకముందే నా నూనె దాన్ని పలకరిస్తాది, వద్దుపో" అనేవాడాయన. లెక్క అయిపోయిన రోజు వాకిట్లో కూర్చోబెట్టి, పదిహేను రోజుల బాకీ తీర్చుకున్నట్టు, అమ్మ ఆయన నెత్తిన సోలెడు ఆముదం పోసి మర్దించేది. ఇల్లంతా ఆ జిడ్డు వాసన. ఆ రోజు వెల్లుల్లి తాలింపుతో పప్పు. మాకు పండగంటే అదే.

పని ఎలా జరిగేదో కూడా చెప్తాను, లేకపోతే మిగతాది బోధపడదు. తెల్లారగట్ల వాగుల వెంట, జంతువులు నడిచే బాటల వెంట పోయి పులి అడుగులు వెతకాలి. నాలుగు కాళ్ళ ముద్రలూ ఉంటాయిగానీ లెక్కకి పనికొచ్చేది ఎడమ వెనక కాలు ఒక్కటే. ఏ పులి ఏదో దాన్ని బట్టే పోలుస్తారు. ఆ ఒక్క ముద్ర చుట్టూ రేకుచుట్ట పెట్టి, సుద్ద కలిపిన నీళ్ళు అందులో పోసి, గడ్డకట్టేదాకా కదలకుండా కూర్చోవాలి. ఇంకా పచ్చిగా ఉండగానే దాని వీపున మేకుతో రాయాలి: ఏ కాలు, మగదా ఆడదా, తీసినవాడి పేరు. ఎవరు తీస్తే వాళ్ళే రాయాలి, అది రూలు. మా నాన్నకి చదువు రాదు. అందుకని స్కూలు సెలవైతే నన్ను వెంటబెట్టుకుపోయేవాడు. "ఓబులేసు. ఎడమ వెనక. మగది" అని నేను రాసేదాన్ని. నాకు పదకొండేళ్ళు. 'ళే' రాయాలో 'లే' రాయాలో తెలీక మొదట్లో తప్పులు రాసేదాన్ని కూడా. అయినా ఆ అచ్చులు జీపులో ఆఫీసుకి పోతుంటే, నా చేతిరాత దేశమంతా చదువుతుందని పొంగిపోయేదాన్ని. అలా తీసినవాటిలో అంచు విరిగినవి ఆఫీసువాళ్ళు వద్దనేవాళ్ళు. అవి మా ఇంటి గూట్లో వరసగా ఉండేవి.

రేంజరు మూర్తి గారు వచ్చారంటే జీపు చప్పుడు కంటే ముందు ఆయన నూనె వాసన వచ్చేది. ఏదో పరిమళం నూనె, పట్నం నుంచి తెప్పించుకునేవారు. మల్లెపూలూ కర్పూరమూ కలిపి నూరినట్టు ఉండేది. నల్లగా నిగనిగలాడే క్రాపు. మాట్లాడుతూ మాట్లాడుతూ అరచేత్తో ఇటునుంచి అటు నిమురుకునేవారు. మనిషి చెడ్డవాడనిపించేవాడు కాదు. నన్ను చూస్తే జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి ఇచ్చేవారు. ఒకసారి మా గూట్లోంచి ఒక అచ్చు, "ఇది బాగుందయ్యా ఓబులేసూ, ఇంట్లో బల్ల మీద పెట్టుకుంటాను" అని పట్టుకుపోయారు కూడా. నాన్న మురిసిపోయాడు.

ఆ ఏడు లెక్కలో అంతకుముందు ఏటికంటే ఒక పులి తగ్గింది. తగ్గితే రేంజరుకి మాటొస్తుంది. ఇంకొక్క పులి అడుగు ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమని నాన్నని పంపారు. నాన్న తిరిగి తిరిగి వచ్చి, "లేదు సామీ. ఉన్నదాన్నే రెండుసార్లు చూపిచ్చేది నాతో కాదు" అన్నాడు. ఆ మర్నాడే వాగులో కొత్త అడుగులు దొరికాయని రేంజరు గారు చాటించారు. సరిగ్గా అదే వారం పైనుంచి పెద్ద దొర తనిఖీకి వచ్చాడు. అడుగులు చూస్తానన్నాడు. చూశాడు. ఇరవై ముప్ఫై ముద్రలు, అన్నీ ఎడమ వెనక కాళ్ళే. అడవి తెలిసినవాడు దొంగ ముద్రలు వేసినా నాలుగు కాళ్ళవీ వేస్తాడు. ఏళ్ళ తరబడి కాయితాల మీద ఎడమ వెనక కాలు తప్ప ఇంకేదీ చూడని ఆఫీసరు మాత్రమే ఆ తప్పు చేస్తాడు. పక్క పొదలో, వీపున నాన్న పేరున్న అచ్చు కూడా దొరికింది.

అందరూ మా వాకిట్లోకి వచ్చారు. పెద్ద దొర, రేంజరు గారు, ఇంకో ఇద్దరు గార్డులు. నాన్న తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. రేంజరు గారు నా ముందు గొంతుక్కూర్చుని, అచ్చు చూపించి, ఎంతో ముద్దుగా అడిగారు: "పాపా, ఇది ఎవరిది?"

నేను ఎగిరి గంతేసినట్టు చెప్పాను. "మా నాయినది! యెనక రాసింది నేనే!"

పెద్ద దొర నిట్టూర్చాడు. అంతే, అయిపోయింది. నా రాత చూపిద్దామని ఆ అచ్చుని చేతుల్లోకి తీసుకున్నప్పుడు గుప్పున కొట్టింది వాసన. మల్లెలూ కర్పూరమూ. సుద్ద నూనె పీల్చి పులి మెత్త మీద గోధుమరంగు మరకలు కట్టింది. తలెత్తి రేంజరు గారి క్రాపు వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. నాకు తెలిసిందని ఆయనకి తెలిసింది. ఆ మాట నేను ఒట్టేసి చెప్పగలను. మా నాన్న ఆ రెండు వారాలు తలకి కూడా నూనె రాయడే, అచ్చుకెందుకు రాస్తాడు? ఈ ఒక్క ముక్క ఆ వాకిట్లో నేను అనాలి. నోటిదాకా వచ్చింది. ఆయన జేబులో చెయ్యి పెట్టి పిప్పరమెంటు తీసి నా అరచేతిలో పెట్టారు. నేను నాన్న వైపు చూశాను. నాన్న, పిచ్చి మనిషి, "తిను పాపా, పెద్దాయన ఇచ్చినాడు" అన్నాడు.

తిన్నాను. నోరు నిండిపోయింది, మాట ఆగిపోయింది.

వారంలో క్వార్టరు ఖాళీ చేశాం. వాళ్ళు వాకిట్లోనే పడేసి పోయిన ఆ అచ్చుని అమ్మ రాతికేసి కొట్టబోతే నేను లాక్కుని పుస్తకాల సంచిలో దాచాను. తర్వాత నాన్న బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిషు పనికి కుదిరాడు. అడవిలో ఆకు కదిలితే చెప్పగలిగినవాడు, మిషను రొదలో చెవులు పోగొట్టుకున్నాడు. "ఎడమకాలి ఓబులేసు" అన్న పేరు మాకంటే ముందే ఆ ఊరు చేరింది. స్కూల్లో పిల్లలు నా ముందు ఒంటికాలి మీద గెంతేవాళ్ళు. మళ్ళీ ఎప్పుడూ అమ్మ ఆయనకి వాకిట్లో ఆముదం రాయలేదు. రాళ్ళ దుమ్ము జుట్టులో అంటుకుంటుందని ఆయనే వద్దనేవాడు. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు బతికాడు. ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పెళ్ళయ్యాక మా ఆయనకి ఇక్కడి షిప్‌యార్డులో పని దొరికితే వెంట వచ్చాను. ఆయన పోయి ఆరేళ్ళు. శని, ఆదివారాల్లో మన పిల్లలకి తెలుగు చెప్తాను. ఇక్కడి వాళ్ళందరికీ పద్మ ఆంటీని. పులి గురించి ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. నల్లమల నుంచి తిరిగొచ్చాక స్వాతికి అంతా చెప్పాను. ఏడ్చింది పిచ్చిపిల్ల, జీపులో నవ్వినందుకు. "పోనీలే అమ్మా, ఆయన ఎక్కడున్నాడో ఏమో" అంది. ఎక్కడున్నాడో కనుక్కోవడం నాకొదిలెయ్యి అని మనసులో అనుకున్నాను. జంతువు వెనక పరిగెత్తగూడదు, నీళ్ళ దగ్గర కూచోవాల, అదే వస్తాది అనేవాడు నాన్న. సింగపూర్లో పిల్లలున్న తెలుగువాళ్ళకి నీళ్ళ చలమ మా తెలుగు క్లాసే. కూర్చున్నాను. వాట్సాప్ గ్రూపులో పిల్లలకి అడవి పాఠాలు మొదలుపెడుతున్నానని రాశాను. రెండు నెలలు తిరక్కుండానే వన్-నార్త్‌లో, ఆ కంప్యూటర్ కంపెనీల పేటలో పనిచేసే కిరణ్ అనే అబ్బాయి కూతుర్ని చేర్చడానికి వచ్చాడు. "మా నాన్నగారు ఫారెస్టులో చేశారాంటీ, రేంజర్‌గా. జూన్ సెలవులకి వస్తున్నారు" అన్నాడు. అంత వినయమైన పిల్లాడు. ఆ పిల్లాడి మొహం చూసి ఆగిపోతానేమోనని నాకే భయం వేసింది. ఆగలేదు. "ఎంత అదృష్టం బాబూ! మా పిల్లలకి ఒక పూట కథలు చెప్పమను" అన్నాను.

మా బ్లాకు కింద హాల్లో, ఆదివారం పొద్దున పదింటికి. పిల్లలు, తల్లిదండ్రులు, ఓ అరవై మంది. ట్రేల నిండా బంకమట్టి, డబ్బాలో సుద్ద, పక్కన మేకులు, అన్నీ నేనే తెచ్చి పెట్టాను. మూర్తి గారిని కిరణ్ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. ఎనభై అయిదు దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, వణికే చేతులు. జుట్టు పల్చబడినా నల్లగా రంగేసి, దువ్వి... నేను నమస్కారం పెట్టబోతూ ఆగిపోయాను. అదే వాసన. "ఆ నూనె లేకుండా నాన్న కదలరాంటీ, రెండు సీసాలు మూటగట్టుకుని మరీ తెచ్చుకున్నారు" అని నవ్వాడు కిరణ్. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడతారు?

గంటసేపు బాగా మాట్లాడారు, ఒప్పుకోవాలి. చిరుతల గురించి, ఎలుగుబంట్ల గురించి చెప్పి, చివరికి నేను అనుకున్న చోటికే వచ్చారు. ఓబులేసనే వాచరు. తాగుబోతు. ఒంటికాలి పులి. హాలంతా నవ్వింది. అప్పటికి సంగతి తెలిసిన మీనా నవ్వలేదు, నా చెయ్యి పట్టుకుంది. స్వాతి గోడకి ఆనుకుని ఫోన్లో వీడియో తీస్తోంది. ఎందుకో అడక్కుండా తియ్యమని చెప్పాను.

"అంకుల్, ఆ వాచరు ఎలా వేశాడో పిల్లలకి చేసి చూపిస్తారా?" అని లేచాను. "మట్టి ఉంది. అచ్చు కూడా ఉంది." గుడ్డలో చుట్టిన నాన్న అచ్చుని ఆయన చేతిలో పెట్టాను. వీపు తిప్పి చూస్తారు, పేరు చదువుతారు, అప్పుడు మొహం ఎలా మారుతుందో చూడాలి. నేను వేసుకున్న పథకం అంతవరకే. మిగతాది ఆయనంతట ఆయనే చేశారు.

"అలా ఉత్తినే నొక్కితే రాదమ్మా. మట్టి అంటుకుపోతుంది. నూనె రాయాలి ముందు" అన్నారు. "నూనె లేదంకుల్" అన్నారెవరో పిల్లలు. "పర్వాలేదు, దానికో కిటుకుంది" అంటూ అరచేత్తో తల నిమురుకున్నారు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, ఒకటికి మూడు సార్లు. ఆ జిడ్డు చేత్తో పులి పాదాన్ని పామారు. మడమ వైపు ముందు ఆన్చి, వేళ్ళ మీదికి వాల్చి, చటుక్కున ఎత్తారు. ఆ వణికే చేతులు అప్పుడు వణకలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ట్రే పొడుగునా పులి నడిచిపోయింది.

"అవ్వా, ఆల్ సేమ్ లెగ్!" అని అరిచింది మీనా. మళ్ళీ అందరూ నవ్వారు, వాచరుని అనుకరిస్తున్నారని.

"రేంజరు గారూ" అన్నాను. అంకుల్ అనలేదు. "అడుగులు పడ్డాక, తెల్లారి చూశానన్నారు కదా మీరు. నూనె రాస్తేనే వస్తుందని మీకెలా తెలుసు? తల మీది నూనె చాలుతుందని ఎవరు చెప్పారు?"

ఆయన నవ్వుమొహంతోనే నా వైపు తిరిగారు.

"వీపు తిప్పి చదవండి. చదువు రాని మా నాన్న పేరు నా చేత్తో నేను రాశాను. ఇది ఎవరిది పాపా అని మీరడిగితే నేనే చెప్పాను, మా నాయినదని. మా నాన్న ఆ పదిహేను రోజులు తలకి చుక్క నూనె రాయడు. ఈ అచ్చు ఆ రోజు మీ తలలా వాసనొచ్చింది. ఇప్పుడూ వస్తోంది. ఎవరైనా చూడొచ్చు."

ఆయన అచ్చుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివారు. చాలాసేపు చదివారు, ఉన్నవి నాలుగు మాటలే. "ఎప్పటి సంగతో... నాకు గుర్తు లేదమ్మా" అన్నారు.

"చేతులకి గుర్తుందండీ."

కిరణ్ పక్కకి వచ్చాడు. "ఆంటీ, ప్లీజ్. నాన్నకి బీపీ. తర్వాత మాట్లాడుకుందాం, ఇంటికి రండి."

"ఇరవై నిమిషాలు బాబూ. సుద్ద ఆరేదాకా. మా నాన్న ఇరవై మూడేళ్ళు ఆగాడు" అని పిల్లలకి సుద్ద కలపమన్నాను. ఆయన వేసిన ముద్రల్లోనే పోశారు వాళ్ళు. నేను కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చున్నాను. జాలి కలగలేదా అని తర్వాత చాలామంది అడిగారు. లేదు. ఆ ముసలాయన చెమటలు తుడుచుకుంటుంటే నాకు హాయిగా ఉంది. వాకిట్లో తలపాగా చేత్తో పట్టుకున్న మనిషికి ఎవరూ కుర్చీ వెయ్యలేదు.

చివరికి ఆయనే గొంతు సవరించుకున్నారు. మైకు అక్కర్లేకపోయింది. "నేనే వేశాను. పులి తగ్గిందంటే నన్ను బదిలీ చేస్తారని భయపడ్డాను. పట్టుబడ్డాక ఇంకా భయపడ్డాను. ఓబులేసు తాగేవాడు కాదు. అది... చెప్పగా చెప్పగా కథలో చేరిపోయింది." కొడుకు వైపు చూడలేదు.

"పచ్చిగా ఉండగానే రాయాలి" అని మేకు అందించాను. "ఎవరు తీస్తే వాళ్ళే. రూలు మీకు తెలుసు." రాశారు. మూర్తి, ఎడమ వెనక, నొక్కింది నేనే. అక్షరాలు వంకరగా వచ్చాయి, నా పదకొండేళ్ళ రాతకంటే అధ్వాన్నంగా.

ఆ వీడియో నాగన్నకి పంపాను. రెండు రోజుల తర్వాత ఆడియో పంపాడు, వెనకాల జీపు చప్పుడు వినబడుతోంది: "తప్పయిపాయ మేడం. మీ నాయినని ఎరక్క అన్యాను. ఇంగ మీదట ఆ వాగు కాడ బండి ఆపితే మూర్తి సారు పేరుతోనే చెప్తా. ఓబులేసంటే పులులు లెక్కబెట్టేది తెలిసిన మొగోడని చెప్తా." దాన్ని ఎన్నిసార్లు విన్నానో చెప్తే నవ్వుతారు. కిరణ్ కూతురు ఇప్పుడు తెలుగు క్లాసుకి రావడం లేదు. స్వాతి రెండు వారాలు నాతో ముభావంగా ఉంది. "నిజం చెప్పించావు, సరే. మేకు కూడా ఇవ్వాలా?" అంది. ఇవ్వాలి. ఆ అచ్చే ఇప్పుడు గుమ్మం దగ్గరున్నది.

స్వాతికి చెప్పనిది ఒకటుంది. ఆ రోజు హాలు ఖాళీ అయ్యాక, కిరణ్ టాక్సీ పిలవడానికి రోడ్డు మీదికి వెళ్ళాడు. ఆయన లిఫ్టు పక్కన రాతిబెంచీ మీద ఒక్కరే కూర్చున్నారు. దగ్గరికి వెళ్ళాను. ఆయన తలెత్తి, "ఇంకా ఏమైనా ఉందా అమ్మా?" అన్నారు. ఉంది. పొద్దుట బయల్దేరేటప్పుడే పర్సులో వేసుకున్నాను. కాయితం విప్పి, ఆ పిప్పరమెంటు ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు. అప్పుడు గుర్తుపట్టారు నన్ను. ఏదో అనబోయారు.

"తినండి" అన్నాను.

తిన్నారు.